పై డ్రాయర్లో పెన్ను

జూన్ 4

బుల్లీ,

నీ ఉత్తరం అందింది. అందింది అనడం కంటే తగిలింది అనాలి. బాల్‌పెన్నుతో ఎంత నొక్కి రాశావంటే, కాగితం వెనకవైపు చేత్తో తడిమి చదువుకోవచ్చు. కళ్ళద్దాల వర్క్‌షాపులో అందరికంటే సన్నపనిదానివని మీ అమ్మ పదిమందికీ చెప్పుకుంటుంది. ఉత్తరం మాత్రం మందుల షాపు చీటీలా ఉంది. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన మేనమామకి ఇదా మర్యాద?

ఫోన్ పెట్టించుకోమని ఇంకోసారి రాయకు. ఫోనులో మనుషులు ఆలోచించకముందే మాట్లాడతారు. సర్వే ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు నక్షాలు గీసినవాణ్ణి, గీత గీసేముందు ఆగడం అలవాటైపోయింది.

మా పెన్నుల సంఘం బాగానే ఉంది, అంటే ఎప్పటిలాగే సిగ్గుచేటుగా ఉంది. ప్రతి ఆదివారం పదింటికి గ్రంథాలయం మేడ మీద చేరతాం. మా ప్రెసిడెంటుకి ఇటుకల బట్టీలున్నాయి, ముప్ఫై పెన్నులున్నాయి. వాటిలో ఒక్కదానికీ సిరా రుచి తెలియదు. హాజరు పుస్తకంలో సంతకం పెట్టాల్సొస్తే పక్కవాణ్ణి బాల్‌పెన్ను అడుగుతాడు. పళ్ళ డాక్టరు చొక్కా రంగుని బట్టి పెన్ను పెట్టుకొస్తాడు. బస్సు డిపో మేనేజరు కొన్న పెన్నుల అట్టపెట్టెలు విప్పడు, విప్పితే విలువ తగ్గుతుందట. అంటే ఆయన కూడబెడుతున్నవి పెన్నులు కావు, అట్టపెట్టెలు.

ఈ మధ్య కొత్తగా ఒకడు చేరాడు. ఆ డిపోలోనే మెకానిక్కు, స్పేరు పార్టుల గది తాళాలు కూడా అతని దగ్గరే ఉంటాయట. గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు. గ్రీజు అని నేనే పేరు పెట్టాను, ఇప్పుడు సంఘమంతా అదే పిలుస్తోంది. జేబులో స్కూలు పిల్లల పెన్ను ఒకటి, చేతిలో ఒక రేకు డబ్బా. వచ్చిన మొదటి రోజే, పళ్ళ డాక్టరు పెన్ను సిరా కక్కుతోందంటే, డబ్బాలోంచి ఏవో పనిముట్లు తీసి పది నిమిషాల్లో కుదిర్చాడు. అందరూ మూగారు. నాకు నచ్చలేదు. బస్సుల కింద దూరే చేతులకి పాళీ సంగతి తెలియడమేమిటి? వాడితో కలిపి పదమూడు మందిమి అయ్యాం.

నాకున్న నూట నలభై మూడు పెన్నుల్లో ఏది రాసిన గీతైనా సరే, కాగితం చూపిస్తే పెన్ను పేరు చెప్తాను. మహారాణి గీతైతే దూరం నుంచే చెప్తాను. మహారాణి గురించి విన్నావు గానీ నీకెప్పుడూ చూపించలేదు. చూపించను కూడా. నీ చేతులు నాకు తెలుసు.

అక్కయ్యని అడిగానని చెప్పు.

మీ మామయ్య


జూన్ 11

మామయ్యకి,

నీ మేనకోడలు బాల్‌పెన్నుతోనే నమస్కారం పెడుతోంది, ఇంకాస్త నొక్కి మరీ.

రోజుకి నలభై జతల అద్దాలు అరగదీస్తాను. సాయంత్రానికి వేళ్ళు కొయ్యబారిపోతాయి. అప్పుడు కూర్చుని ఒంపులు తిప్పుతూ రాయమంటావు. ఆ అద్దాలు పెట్టుకుని రేపొకడు రోడ్డు దాటతాడు, ఒకావిడ సూదిలో దారం ఎక్కిస్తుంది. నీ నూట నలభై మూడూ ఎవరికి పనికొస్తున్నాయి? దూది పరిచి, డ్రాయర్లో పడుకోబెట్టి, వారానికోసారి మొహాలు తుడుస్తావు. అది పెన్నుల బల్లా, శవాల గదా?

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "వాడు చిన్నప్పుడు పలక కూడా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. పక్కలో పెట్టుకుని పడుకునేవాడు" అని నవ్వింది. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది.

ఆ మెకానిక్కుని ఆయన ముందే గ్రీజు అని పిలుస్తారా? పిలిస్తే పలుకుతున్నాడా? పెన్ను బాగుచేసినవాడి మీద నీకు కోపం రావడం ఏమిటో నాకు అర్థం కాలేదు. నీకు చేతకానిది ఆయనకి వచ్చని కాదు కదా?

ఇరవయ్యో తారీకు శనివారం మీ ఊళ్ళో అద్దాలు కోసే కొత్త మిషను చూడ్డానికి మా ఓనరు పంపిస్తున్నాడు. పొద్దున దిగి మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాను. టీ నేనే పెట్టుకుంటాను. నీ వంటింట్లో పంచదార ఎక్కడుందో నీకంటే నాకే బాగా తెలుసు.

బుల్లి


జూన్ 26

మామయ్యకి,

క్షేమంగా చేరాను. నీ ఇల్లు ఎప్పటిలాగే ఉంది. మనిషి కూర్చోవడానికి ఒక కుర్చీ, పెన్నులు పడుకోవడానికి మూడు బల్లలు.

నువ్వు స్నానానికి వెళ్తూ లోపల్నించి అరిచావు కదా, "ఆ డ్రాయర్లోంచి ఏదన్నా ఒకటి తీసుకుపో, ఆ బాల్‌పెన్ను మొహం మళ్ళీ నాకు చూపించకు" అని. తీసుకున్నాను. భయపడకు, మెరిసేవాటి జోలికి పోలేదు. ఉన్నవాటిలో అన్నిటికంటే వికారంగా ఉన్నదాన్ని ఏరుకున్నాను. ఈ ఉత్తరం దాంతోనే రాస్తున్నాను.

ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు గానీ, బాగా రాస్తోంది. నొక్కక్కర్లేదు. ఆనిస్తే చాలు, అదే వెళ్తోంది. వర్క్‌షాపులో అద్దాల కవర్ల మీద పవరు నంబర్లు దీంతోనే వేస్తున్నాను. పక్క మిషనామె చూసి, "నీ అక్షరాలేనా ఇవి?" అంది. నాకే తమాషాగా ఉంది. థాంక్స్ చెప్పాలంటే నీకు చెప్పాలి, అదొక్కటే బాధ.

బుల్లి


జులై 2

బుల్లీ,

నీ ఉత్తరం చూశాను. మొదటిసారి దాన్ని ఉత్తరం అంటున్నాను. ఏ పెన్ను తీసుకున్నావో గీత చూడగానే పోల్చాను. రెండో తరగతి సరుకు. నీ చేతికి అదే ఎక్కువ, ఉంచుకో.

నా మనసు మాత్రం మనసులో లేదు. మహారాణి పోయింది.

నువ్వు వెళ్ళిన శనివారం సాయంత్రం గ్రీజు వచ్చాడు. నాలుగు పెన్నులకి సిరా సరిగ్గా దిగడం లేదని నేనే రమ్మన్నాను. బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. పంచదార కనపడక కాస్త ఆలస్యమైంది. వచ్చేసరికి నాలుగూ బాగుచేసి, కాగితం మీద వరసగా గీతలు గీసి చూపించాడు. వారం తర్వాత తుడుద్దామని తీస్తే మహారాణి చోట ఉత్త దూది.

ఆదివారం సంఘానికి అందరూ వచ్చారు. లేచి నిలబడి చెప్పాను. "నా పెన్ను పోయింది. పోయిన శనివారం నా బల్ల దగ్గర కూర్చున్న బయటి మనిషి ఒక్కడే. అతనిప్పుడు ఈ గదిలోనే ఉన్నాడు."

గ్రీజు అటూ ఇటూ చూశాడు, ఇంకెవరి గురించో అనుకున్నట్టు. తర్వాత తలకెక్కింది.

"సార్, మీ ఇంట్లో టీ తాగాను. మీ పెన్ను తియ్యలేదు" అన్నాడు.

"డబ్బా తెరువు" అన్నాను.

"దాంట్లో నా పనిముట్లున్నాయి సార్."

"మరి తెరవడానికి భయమెందుకు?" అంటూ ప్రెసిడెంటు ఆ డబ్బా లాక్కుని బల్ల మీద బోర్లించాడు. పట్టకార్లు, పళ్ళ బ్రష్షు, బనీను ముక్కలు, రబ్బరు రింగులు. మహారాణి లేదు. ఎలా ఉంటుంది? కాజేసినదాన్ని వెంటబెట్టుకుని తిరుగుతాడా? తన సామానంతా ఒక్కొక్కటే ఏరుకున్నాడు. చిన్న స్ప్రింగు ఒకటి బల్ల కిందికి దొర్లితే మోకాళ్ళ మీద కూర్చుని వెతుక్కున్నాడు. తర్వాత ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తప్పు చెయ్యనివాడైతే కనీసం అరవడా?

మర్నాడే మేనేజరు స్పేరు పార్టుల గది తాళాలు వాడి దగ్గర్నుంచి తీసేసుకున్నాడట. ఇప్పుడు బస్సులు కడుగుతున్నాడు. జిడ్డు వదులుతుంది.

మీ మామయ్య


జులై 8

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుతానేమో అనుకున్నాను. నవ్వు రాలేదు.

ఆయన తియ్యడం నువ్వు చూశావా? లేదు. ఆయన దగ్గర దొరికిందా? లేదు. నీ నాలుగు పెన్నులు ఊరికే బాగుచేసి, గీతలు గీసి చూపించి, నువ్విచ్చిన టీ తాగి వెళ్ళాడు. అంతమంది పెద్దమనుషుల్లో డబ్బా బోర్లించగల చెయ్యి ఉంది గానీ, బల్ల కింద స్ప్రింగు వెతికే చెయ్యి ఒక్కటి లేదన్నమాట. అందరికీ పెన్నులంటే ప్రాణం మళ్ళీ!

అరవలేదని అనుమానిస్తున్నావు. అరిస్తే ఏమనేవాడివి? తప్పు చేసినవాడే అరుస్తాడనేవాడివి.

సరే, మిగతా ఇల్లంతా వెతికావా? కుర్చీ కింద, చొక్కా జేబుల్లో, పాత పేపర్ల మధ్య? వయసైనవాళ్ళు ఎక్కడో పెట్టి మర్చిపోవడం మామూలే, నువ్వు ఒప్పుకోవనుకో. ఇంతకీ ఆ మహారాణి ఎలా ఉంటుంది? బంగారమా? రాళ్ళు పొదిగారా? గుర్తులు రాయి. ఇక్కడ పాత పెన్నులు అమ్మే కొట్టు ఒకటుంది, ఎవరైనా తెచ్చి అమ్మితే తెలుస్తుంది. నిజంగా ఎవరైనా తీసుంటే పట్టుకుందాం. తియ్యకపోతే ఆ మనిషికి నువ్వేం చెప్తావో అదీ ఆలోచించి పెట్టుకో.

అమ్మకి కొత్త నూనె రాస్తున్నాను, కాస్త నడుస్తోంది.

బుల్లి


జులై 14

బుల్లీ,

నాకు వయసైందని నువ్వు చెప్పక్కర్లేదు. అద్దం చెప్తుంది. మతిమరుపు మాత్రం లేదు.

బంగారమట, రాళ్ళట! పెన్నుల గురించి నీకున్న జ్ఞానం అది. మా ప్రెసిడెంటు పక్కన కుర్చీ వేయిస్తాను, వచ్చి కూర్చో. మహారాణిని చూసి ఎవడూ మహారాణి అనుకోడు, అదే దాని గొప్ప. ముదురు ఆకుపచ్చ, పాచి పట్టిన రాయి రంగు. ఒళ్ళంతా గీతలు. మూత అంచున వెంట్రుకంత పగులు. జేబుకి తగిలించే కొక్కెం విరిగిపోయింది. తయారుచేసినవాడి పేరు కూడా అరిగిపోయింది. కానీ ఆ పాళీ కాగితాన్ని తాకితే చాలు, దానంతటదే వెళ్తుంది. నా నక్షాల్లో వాగులన్నీ దాంతోనే గీశాను. పై అధికారులు భూతద్దం పెట్టి చూసేవారు.

అది నాకు దొరికిన తీరు ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో పాత బల్లలు తీసేస్తుంటే, విరిగిన బల్ల ఒకదాని సొరుగులో కనిపించింది. జేబులో పెట్టుకున్నాను. మామూలు పెన్నుల్ని కింది డ్రాయర్లో పెడతాను, దీన్ని పై డ్రాయర్లో. నలభై ఏళ్ళు దాన్ని ఇంకో చెయ్యి తాకలేదు. ఇప్పుడు ఏ జిడ్డు చేతుల్లో నలుగుతోందో.

ఆ కొట్టువాడికి ఈ గుర్తులు చెప్పు. నాకు నీతులు చెప్పకు.

మీ మామయ్య


జులై 18

మామయ్యా,

ఆ పెన్ను నా దగ్గరుంది.

ముదురు ఆకుపచ్చ, మూత అంచున పగులు, కొక్కెం విరిగింది. నువ్వు స్నానాల గదిలోంచి "డ్రాయర్" అన్నావు, కిందిదో పైదో చెప్పలేదు. కిందిది ఉబ్బిపోయి రాలేదు. పైది లాగాను. నీ మంచి పెన్నులు తీసుకుంటే నీ గుండె ఆగుతుందని, అన్నిట్లోకీ పనికిరానిదిలా కనిపించినదాన్ని తీసుకున్నాను. జూన్ ఇరవై ఆరున ఆ మాట రాశాను కూడా. ఆ ఉత్తరం మహారాణితో రాసిందే. జులై ఎనిమిదిది మహారాణితో రాసిందే. ఇదీ మహారాణితోనే రాస్తున్నాను.

"గీత చూడగానే పోల్చాను, రెండో తరగతి సరుకు." నీ మాటే.

ఇంకో సంగతి. విరిగిన బల్ల సొరుగులో దొరికిన పెన్ను ఎవరిదని ఎవర్నైనా అడిగావా? అడిగి ఉంటే రాసేవాడివి. ఎవరూ నీ డబ్బా బోర్లించలేదు, అదృష్టవంతుడివి.

తప్పు సగం నాది, చూపించి తీసుకోవాల్సింది. ఆ మాట ఆయనకి చెప్పు. కానీ పదిమందిలో లేచి నిలబడింది నేను కాదు. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళు. రిజిస్టరు పోస్టులో పంపిస్తున్నాను.

బుల్లి


ఆగస్టు 5

మామయ్యకి,

ఉత్తరం అందలేదని అనుకోవడానికి లేదు. జులై ఇరవై ఒకటిన నువ్వు సంతకం చేసి తీసుకున్న రసీదు నాకు తిరిగొచ్చింది. సంతకం సిరాతోనే ఉంది. ఒంపులన్నీ తిప్పావు.

ఒళ్ళు బాగాలేకపోతే చెప్పు, వస్తాను. బాగానే ఉంటే ఆ మాటే రాయి.

బుల్లి


ఆగస్టు 11

బుల్లీ,

ఒళ్ళు బాగానే ఉంది. పెన్ను దొరికినందుకు సంతోషం. దాన్ని కవర్ల మీద నంబర్లు వెయ్యడానికి వాడుతున్నావని చదివి కడుపు రగిలింది గానీ, పోనీలే.

మిగతా విషయం నువ్వు అనుకున్నంత సులువు కాదు. అతను సంఘానికి రావడం మానేశాడు. గొడవ సద్దుమణిగింది. ఇప్పుడు కదిపితే అందరికీ ఇబ్బంది, అతనికి కూడా. మానుతున్న పుండుని గోకడం దేనికి? అయినా నేను ఊరుకోలేదు. ప్రెసిడెంటుని పక్కకి పిలిచి పెన్ను దొరికిందని చెప్పాను. "పోనిద్దురూ. ఇది కాకపోతే వాడు ఇంకోటి తీసే ఉంటాడు" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

డిపోలో బస్సులు కడగడం కూడా పనే కదా. జీతం తగ్గలేదని విన్నాను.

అక్కయ్య మోకాళ్ళ సంగతి రాయి.

మీ మామయ్య


ఆగస్టు 16

నేను ఏమీ అనలేదు, అని రాశావు. ఆ ఒక్క వాక్యం మాత్రం నిజం.

నువ్వు ఇన్నాళ్ళూ అందర్నీ తీసిపారేస్తుంటే నేను నవ్వేదాన్ని. ఇటుకల బట్టీ, అట్టపెట్టెలు, చొక్కా రంగులు. వాళ్ళకంటే నువ్వు ఒక మెట్టు పైనున్నావు కాబట్టి ఎగతాళి చేస్తున్నావనుకున్నాను. వాళ్ళకి పెన్నంటే ఏమిటో తెలియదు, నీకు తెలుసు అనుకున్నాను. నీకు నీ పెన్ను గీతే తెలియలేదు. తెలియకపోవడం పెద్ద తప్పేమీ కాదు. తెలిశాక నోరు కుట్టేసుకుని ఇరవై రోజులు టీ తాగుతూ కూర్చున్నావు చూడు, దానికి నా దగ్గర మాట లేదు. ఆ ప్రెసిడెంటు నయం. ఆయనకి మనసు లేదని అందరికీ తెలుసు.

మానుతున్న పుండు ఎవరిది? నీకేమీ పుండు లేదు. ఆయన పుండు మానుతోందని నీకెవరు చెప్పారు?

నేనొచ్చి నీ బదులు చెప్పను. పెన్ను ఈ పార్సెల్లో ఉంది. అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. "వాడికి రాయి, ఇంక వాడి ఉత్తరాలు నాకు చదవొద్దని" అంది. రాశాను.

బుల్లి


ఆగస్టు 31

బుల్లీ,

ఈ ఉత్తరం అక్కయ్యకి చదవమని అడగను. నువ్వు చదివితే చాలు.

నీ పార్సెలు వచ్చాక, నీ మూడు ఉత్తరాలూ బల్ల మీద పరిచాను. పక్కనే మహారాణితో ఒక గీత గీశాను. పోల్చలేకపోయాను. భూతద్దం పెట్టాను. అవన్నీ మహారాణితో రాసినవని తెలిసి చూసినా పోల్చలేకపోయాను. నీ చెయ్యి నీ చెయ్యే, నా చెయ్యి నా చెయ్యే. ఇన్నేళ్ళుగా అందరి ముందూ గీతలు చూసి పెన్నుల పేర్లు చెప్తుంటే తలలూపారంటే, వాళ్ళకి తెలియక ఊపారు. నేను తెలియక చెప్పాను.

గురువారం డిపోకి వెళ్ళాను. వెనక బస్సులు కడిగే చోటుంది. అతను రబ్బరు బూట్లేసుకుని పైపుతో చక్రాల మీద నీళ్ళు కొడుతున్నాడు. నన్ను చూశాడు, పైపు ఆపలేదు.

"నా పెన్ను దొరికింది. నేను తీసుకోమంటేనే నా మేనకోడలు తీసుకెళ్ళింది. మీ తప్పేమీ లేదు" అన్నాను. అతన్ని "మీరు" అనడం అదే మొదటిసారి. నా చెవికే కొత్తగా తగిలింది.

"ఎప్పుడు తెలిసింది సార్?"

అబద్ధం చెప్పొచ్చు. నీ రసీదు గుర్తొచ్చింది. "జులై ఇరవై ఒకటి."

"ఇవాళ ఆగస్టు ఇరవై ఏడు" అన్నాడు. అని అవతలి చక్రం దగ్గరికి వెళ్ళాడు.

వెనకే వెళ్ళాను. చెప్పులు తడిసిపోయాయి. జేబులోంచి మహారాణి తీసి, "ఇది మీరు ఉంచుకోండి. నా దగ్గరున్నవాటిలో ఇంతకంటే మంచిది లేదు" అన్నాను. నిజంగానే ఇద్దామని తీసుకెళ్ళాను బుల్లీ. ఇస్తే తేలికపడతాననుకున్నాను.

అప్పుడు పైపు కట్టేశాడు. చేతులు తుడుచుకుని, పెన్ను అందుకుని, మూత విప్పి పాళీని వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక్క క్షణం మొహం మారింది. ఆ చూపు నేను ఎరుగుదును. తర్వాత మూత బిగించి నా చేతిలో పెట్టేశాడు.

"నేను కొట్టేశానన్న పెన్ను నా జేబులో కనపడితే జనం ఏమనుకుంటారు సార్? మీకు ఇవ్వడం కూడా రాదు."

పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"ఇక్కడ నీళ్ళ మోతలో చెప్తే నాకేం లాభం? ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి."

నిన్న ఆదివారం సంఘంలో లేచి నిలబడ్డాను. మొత్తం చెప్పాను. మేనకోడలు, డ్రాయరు, జులై ఇరవై ఒకటి, అన్నీ. నా డబ్బా నేనే బోర్లించుకున్నట్టయింది. పళ్ళ డాక్టరు కిటికీ వైపు చూశాడు. ప్రెసిడెంటు, "ఒక మెకానిక్కు కోసం ఇంత సభ అవసరమా?" అన్నాడు.

"మీరు ఆయన డబ్బా బోర్లించారు. మీరూ ఒక మాట చెప్పాలి" అన్నాను.

"నేను మీ మాట నమ్మి బోర్లించాను. నా తప్పేముంది?" అన్నాడు. బుల్లీ, ఆయన్ని నేను ఎన్నోసార్లు తీసిపారేశాను. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన అన్నది నిజం.

మీ మామయ్య


సెప్టెంబరు 18

బుల్లీ,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. రాయాలని కూడా అడగను. జరిగింది చెప్పి ఊరుకుంటాను.

సంఘంలో చెప్పిన మర్నాడే డిపోకి వెళ్ళాను, పని పూర్తయిందన్న ధీమాతో. ఆయన ఒక బస్సు అద్దాలు తుడుస్తున్నాడు.

"చెప్పాను. అందరి ముందూ చెప్పాను" అన్నాను.

"నా డబ్బా బోర్లించిన రోజు మీరు కాక ఎంతమంది ఉన్నారు సార్?"

"పదకొండు మంది."

"నిన్న?"

లెక్కపెట్టుకున్నాను. "ఏడుగురు."

గుడ్డ పిండుకుని ఇంకో అద్దం మొదలుపెట్టాడు. "మరి మిగతా నలుగురు?" అని కూడా ఆయన అనలేదు, నేనే అనుకున్నాను.

ఒకాయన దగ్గర్లోనే ఉంటాడు, రిటైరైన లెక్కల మాస్టారు. గుమ్మంలోనే చెప్పాను. విని, తలుపు వేసేస్తూ, "తియ్యడం చూశారా అని అప్పుడే ఎవరైనా అడిగి ఉండాల్సింది. నేనైనా అడగాల్సింది" అన్నాడు. రెండోవాడు స్టాంపుల షాపు నడుపుతాడు. గిరాకీ ఉన్నంతసేపూ గంటన్నర నిలబెట్టి, చివరికి విని, "మీరూ అంతేనా!" అని నవ్వాడు. ఆ నవ్వు నేను అందరి మీదా నవ్వే నవ్వే. ఎదురుగా నిలబడి వినడం మొదటిసారి. మూడోవాడు ఊరికి అవతల కొడుకు దగ్గర ఉంటున్నాడు. రెండు బస్సులు మారి వెళ్ళాను, ఇల్లు తాళం వేసి ఉంది. మళ్ళీ వెళ్ళాను. ఈ మధ్య జబ్బు చేసి మంచం మీద ఉన్నాడు, చెవులు వినపడటం లేదు. కాగితం మీద రాసి చూపించాను. చదివి, నా చెయ్యి పట్టుకుని, "బాగా రాశారు" అన్నాడు. అక్షరాల గురించి అన్నాడో, సంగతి గురించి అన్నాడో తెలియలేదు. అడిగినా వినపడదు.

నాలుగోవాడు డిపో మేనేజరు. తాళాలు తీసుకున్నవాడు. ఇంటికి వెళ్తే ఆఫీసుకి రమ్మన్నాడు, ఆఫీసుకి వెళ్తే రేపు రమ్మన్నాడు. నాలుగోసారి లోపలికి పిలిచాడు. గాజు బీరువాలో విప్పని అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి.

"మీ మెకానిక్కు విషయం" అన్నాను.

"ఏ మెకానిక్కు?"

"జూన్ నెలాఖర్లో మీరు ఎవరి దగ్గర తాళాలు తీసుకున్నారో ఆయన."

కాసేపు ఆలోచించాడు. "ఆఁ, ఉన్నాడు. ఎందుకు తీసుకున్నానబ్బా?"

ఆయనకి గుర్తు లేదు బుల్లీ. ఒక మనిషిని తీసుకెళ్ళి నీళ్ళల్లో నిలబెట్టాడు, ఎందుకో గుర్తు లేదు. నేనన్న మాట ముందు నేనే గుర్తుచెయ్యాల్సి వచ్చింది. ఆదివారం, డబ్బా, దొంగ, అన్నీ మళ్ళీ నా నోటితోనే చెప్పాను. ఆయనకి గుర్తొచ్చి, "అవునవును, దొంగ!" అన్నాక, కాదని చెప్పడం మొదలుపెట్టాను. ఒకే గదిలో, ఒకే పూట, ఆ మనిషిని రెండోసారి దొంగని చేసి, మళ్ళీ కాదనిపించాను. అంత అసహ్యం నా మీద నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

"రాసివ్వండి, చూద్దాం" అన్నాడు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఒక్క కొట్టివేత లేకుండా, తేదీలతో సహా. ఆయన మడిచి సొరుగులో పెట్టబోతే, "ఇప్పుడే సంతకం పెట్టి ముద్ర వేస్తే, నకలు నేను తీసుకెళ్తాను" అన్నాను. విసుక్కున్నాడు. నేను లేవలేదు. వేశాడు.

వారం ఆగి నిన్న డిపోకి వెళ్ళాను. ఆయన కడిగే చోట లేడు. షెడ్డులో ఒక బస్సు కింద నుంచి బయటికొచ్చాడు. నడుముకి తాళాల గుత్తి ఉంది. నేను దాని వైపు చూడటం చూశాడు.

"పదకొండు మందీ అయ్యారు" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

ఇంకా ఏదో అంటాడని నిలబడ్డాను. రెండు నెలలు ఆయన్ని నీళ్ళల్లో నిలబెట్టినవాణ్ణి, రెండు నిమిషాలు నిలబడితే ఒక మంచి మాట దొరుకుతుందని ఆశపడ్డాను. ఆదివారాలు మళ్ళీ వస్తారా అని అడగబోయాను. నోరు తెరిచాను కూడా.

ఆయన నా భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"పక్కకి జరగండి సార్. బస్సు వెనక్కొస్తోంది."

జరిగాను.

మామయ్య